ఫార్మాట్ కొట్టించారు

సంపాదకులకు నమస్కారం.

డ్యూటీలో ఉన్న పోలీసులను సెల్‌ఫోన్లో తీసేవాళ్ల మీద కేసులు పెట్టాలని గత వారం మీ ఉత్తరాల పేజీలో ఒక పెద్దాయన రాశారు. చెన్నై పాత వాషర్‌మన్‌పేటలో ఇరవై ఆరేళ్లుగా ఫొటో స్టూడియో నడుపుతున్నాను. నా గోడు కూడా కాస్త వినండి.

మొన్న శ్రావణంలో ఒక పెళ్లి తీశాను. రాత్రి పదకొండున్నరకు ముహూర్తం, అప్పగింతలయ్యేసరికి రెండు దాటింది. ఇంటికొస్తుంటే దారిలో చెకింగ్. నా ముందు డెలివరీ సంచి తగిలించుకున్న కుర్రాడొకడు, లైసెన్స్ ఫోన్లో ఉంది, చార్జింగ్ అయిపోయింది సార్ అంటున్నాడు. ఎస్సై చెంప మీద ఒక్కటిచ్చాడు. కెమెరా నా మెడలోనే ఉంది. ఇన్నేళ్ల అలవాటు కదా, వేలు దానంతటదే నొక్కేసింది. ఫ్లాష్ కూడా వెలిగింది, నా ఖర్మ.

"డిలీట్ పణ్ణు" అన్నాడు. చేశాను. నమ్మకం కుదరలేదు. "కార్డు ఫార్మాట్ పణ్ణు." సార్, ఇందులో పెళ్లుంది అన్నాను. జీలకర్రబెల్లం, మూడు ముళ్లు, తలంబ్రాలు, అన్నీ ఆ ఒక్క కార్డులోనే. నా పాత కెమెరాకు రెండో స్లాట్ లేదు. నా వేలితోనే ఓకే నొక్కించారు.

మా వృత్తిలో అందరికీ తెలిసిన సంగతొకటుంది. కెమెరాలో ఫార్మాట్ కొడితే మామూలుగా ఫొటోల చిట్టా చెరుగుతుంది గాని ఫొటోలు వెంటనే పోవు. ఆ కార్డు మీద కొత్తగా ఏమీ తీయకుండా ఉంటే చాలావరకు వెనక్కి లాగొచ్చు. కాళ్లు కూడా కడుక్కోకుండా కంప్యూటర్ ముందు కూర్చున్నాను. తెల్లారి ఆరున్నరకు జీలకర్రబెల్లం వచ్చింది. తలంబ్రాలు వచ్చాయి. మూడు ముళ్ల ఫొటోలో మాత్రం పెళ్లికూతురు నుదుటి దాకా వచ్చి, కిందంతా బూడిద రంగు పట్టీ. ఆ ఇంటివాళ్లకు ఏం చెప్పుకున్నానో అడక్కండి. ఒక్క గీత లేకుండా వచ్చింది ఆ చెంపదెబ్బే.

కేరళ పోలీసు చట్టం 2011లో 33వ సెక్షన్ చూడండి. పోలీసుల చర్యను చట్టబద్ధంగా వీడియో తీసేవాళ్లను ఏ పోలీసూ అడ్డుకోకూడదని రాసిపెట్టారు. కేరళ సరిహద్దులోని వాళయార్ చెక్‌పోస్టుకు అవతల కాగితం మీదున్న మాట, ఇవతల తమిళనాడులో ఎస్సైగారి మూడ్ మీద నడుస్తోంది. స్టేషన్లో వీడియో తీశాడని ఒకాయన మీద అధికార రహస్యాల చట్టం కింద పెట్టిన కేసును 2022లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి కొట్టేసింది, ఆ చట్టం ప్రకారం పోలీస్ స్టేషన్ నిషిద్ధ స్థలం కాదని. ఇక నడిరోడ్డుకేం రహస్యం? తమాషా ఏమిటంటే, సోదా చేసేటప్పుడు పోలీసులే వీడియో తీయాలని, వీలైతే మొబైల్‌తోనే తీయాలని 2024 జూలై 1 నుంచి కొత్త నేర విచారణ చట్టం (బీఎన్‌ఎస్‌ఎస్) చెబుతోంది.

పోయినేడు, 2025 జూన్‌లో శివగంగ జిల్లా తిరుప్పువనంలో గుడి కాపలా కుర్రాడు పోలీసుల దెబ్బలకు చనిపోయిన కేసు గుర్తుండే ఉంటుంది. పోలీసులు అరెస్టయ్యారు. చాటుగా ఎవరో తీసిన వీడియో మదురైలో హైకోర్టు బెంచి ముందుకు వెళ్లింది. కేసు సీబీఐ చేతికి పోయింది. ఆ తీసినవాణ్ణి కూడా ఎవరైనా పట్టుకుని "డిలీట్ పణ్ణు" అని ఉంటే?

పెద్దాయన కోపంలో న్యాయం లేకపోలేదు. ముఖానికి ముఖం ఆనించి తీసేవాళ్లూ, పాట తగిలించి రీల్ చేసేవాళ్లూ నాకూ నచ్చరు. నాలుగడుగులు దూరంగా నిలబడి తీయండి. వాట్సాప్‌లో తిరిగిన ముక్క నలిగిపోయి ఉంటుంది, కోర్టుకు ఎక్కువగా పనికొచ్చేది ఫోన్లో ఉన్న ఒరిజినలే. దెబ్బ తిన్నవాడి ముఖం ఊరంతా తిప్పకండి.

ఆ డెలివరీ కుర్రాడు ఆ రాత్రే నా నంబర్ తీసుకున్నాడు. వారం తర్వాత స్టూడియోకొచ్చి స్క్రీన్ మీద ఫొటో చూశాడు. చాలాసేపు చూసి, "నేనింత సన్నగా ఉన్నానా అన్నా?" అన్నాడు. ఎవరికీ ఇవ్వొద్దన్నాడు, మళ్లీ అదే రోడ్డు మీద తిరగాలట. కార్డును కవర్లో పెట్టి, పైన తేదీ వేసి బీరువాలో దాచాను.

నా పేరు వేయొద్దని మనవి.

ఒక స్టూడియో ఫొటోగ్రాఫర్,
పాత వాషర్‌మన్‌పేట, చెన్నై