పెరటి వంటిల్లు గురించి చిన్నోడికి

ఒరే చిన్నోడా,

నువ్వు పంపిన డ్రాయింగు చూసాను, మీ నాన్న ఫోన్లో పెద్దది చేసి మరీ చూసాను, బానే గీసావు గానీ వండేదాన్ని గోడకేసి నిలబెట్టేసావేట్రా. ఔట్‌డోర్ కిచెన్ అని పేరు, వచ్చినోళ్ళంతా వెనకాల కూచుని నవ్వుకుంటంటే నేను గోడ చూసుకుంటూ పోపు వెయ్యాలా? మీ నానమ్మ అలగే బతికేసింది, నావల్ల కాదు.

మీ నాన్నకి వాస్తు పట్టింపు, పొయ్యి ఆగ్నేయంలోనే ఉండాలి తూర్పుకి తిరిగే వండాలి. సరే పొయ్యి అలగే పెట్టి దాని పక్కన ఎల్ షేప్‌లో ఉత్తరం వైపుకి గట్టు తిప్పు, తరిగేది కలిపేది వడ్డించేది అంతా అక్కడే కదా, గట్టుకి అవతల బల్లలేస్తే అందరూ నాకు ఎదురుగా ఉంటారు. చలికాలం గాలి ఉత్తరం నుంచే కాబట్టి పొగ వాళ్ళ మీదకి పోదు. వానాకాలం జల్లు నైరుతి నుంచి కొడతాది, అటు సగం గోడ కట్టిద్దాం.

గట్టు 36 అంగుళాలు రాసావు, అది నీ ఎత్తుకి. నా మోచేతికి నాలుగైదు అంగుళాలు కిందకుండాలి, కొలిపించాను, 33 చాలు. కట్టెల పొయ్యయితే అడుగు ఎత్తే, ఇరవైమందికి అన్నం వండి అంత గిన్నె పైనుంచి దించి గంజి వార్చగలనా చెప్పు. లోపల ఫైర్ బ్రిక్స్, బంకమట్టితోనే కట్టాలి, సిమెంటయితే ఆ వేడికి పగిలిపోద్ది. మన ఒడియా మేస్త్రి కూడా అదే అన్నాడు, ఆయన చులీ అంటాడు నేను పొయ్యంటాను, పని జరిగిపోతంది.

సిలిండర్ అలమర నిండా మూసేసావు, అది మాత్రం తప్పు. గ్యాస్ గాలికన్నా బరువు, లీకయితే కిందకే దిగి పేరుకుంటాది, తలుపుకి అడుగున కన్నాలు పెట్టు. నేలకి నున్నటి టైల్స్ వద్దు, గరుకు రాయి, అడుగుకి పావంగుళం వాలు, అరటి చెట్ల వైపు. లైటు పొయ్యి మీద వద్దురా, ఉసిళ్ళన్నీ కూరలో పడతాయి. 2018లో తిత్లీ తుఫానుకి మన రేకులు ఎగిరెళ్ళి పక్కింటి కొబ్బరిచెట్టుకి చుట్టుకున్నాయి గుర్తుందా, కప్పు ఏదైనా సరే బోల్టులు కాంక్రీటులో దిగాల్సిందే.

ఇంక నీ బార్బెక్యూ. నువ్వొచ్చేది కార్తీక పున్నానికి, పక్కింటి ఒడియా వాళ్ళకి అప్పుడు పంచుక, కార్తీకంలో ఆఖరి ఐదు రోజులు నీసు ముట్టరు, కొంగ కూడా చేప ముట్టదంటారిక్కడ, మరి నీ చికెన్ ఎవరు తింటారు? పప్పులో కూరగాయలేసి దాల్మా వండుతాను, పనసపొట్టు కూర దొరికితే అదీ. గ్రిల్లు తర్వాత కొనుక్కో, దానికి జాగా ఉంచుతాను.

కరివేపాకు చెట్టు మీద ఇంటూ కొట్టావు చూడు, అది జరగదు. గోడనే రెండడుగులు జరిపి మళ్ళీ గీసి బేగి పంపు, మేస్త్రి సోమవారం వస్తానన్నాడు.

అమ్మ
పర్లాకిమిడి