రేడియో ముందు రెండు కాంగ్రెసులు

తెనాలి,
22 ఆగస్టు 1969

ఒరేయ్ రామం,

నీ రెండు ఉత్తరాలకూ జవాబు రాయలేదు. తిట్టుకో, పడతాను. అమ్మ కులాసా, చెల్లి లెక్కల్లో తప్పింది, ఆవు ఈనింది, నీ గొడుగు ఇంకా ‘ఆయన’ దగ్గరే ఉంది. ఇక అసలు సంగతి విను, చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

మొన్న రాష్ట్రపతి ఎన్నిక లెక్కింపు. పోటీలో ముఖ్యులిద్దరూ తెలుగువాళ్లే కదా, ఎవరు గెలిచినా పండగే అనుకున్నాను. మా ఇంట్లో మాత్రం కాదు! నాన్న కాంగ్రెసు అధికారిక అభ్యర్థి సంజీవరెడ్డిగారి పక్షం, చిన్నాన్న ఇందిరాగాంధీ మద్దతుతో స్వతంత్రంగా నిలబడ్డ గిరిగారి పక్షం. 1942లో ఒకే జైల్లో చిప్పకూడు తిన్న అన్నదమ్ములు నెల రోజులుగా ఒక పంక్తిలో కూర్చోవడం లేదు.

జూలై 19న 14 బ్యాంకులను జాతీయం చేశారని రేడియో చెప్పిన రాత్రే మొదలైంది. “పేదవాడికి పెట్టాలంటే ముందు ఎవడో ఒకడు సంపాదించాలి కదరా” అని నాన్న. “ఆ బ్యాంకులు మిల్లు యజమానులకు ఇచ్చాయి గానీ కౌలురైతుకు పది రూపాయలు ఇచ్చాయా? 1955లో ఆవడి కాంగ్రెసు సభలో సామ్యవాద తరహా సమాజమని తీర్మానిస్తే చప్పట్లు కొట్టావుగా అన్నయ్యా!” అని చిన్నాన్న. “తీర్మానానికి కొట్టాను, ఇనప్పెట్టె తాళాలు ఇచ్చెయ్యమని కాదు” అని నాన్న. తమాషా ఏమిటంటే, నాన్న డబ్బున్నది ఆంధ్రా బ్యాంకులో. పట్టాభిగారు పెట్టిన ఆ బ్యాంకు 14లో లేనే లేదు!

సరే, లెక్కింపు. తొలి ప్రాధాన్య ఓట్లలో గిరిగారికి 4,01,515, రెడ్డిగారికి 3,13,548. చిన్నాన్న ఆగుతాడా? లడ్డూలు తెప్పించేశాడు. గెలుపుకు సగం ఓట్లు దాటాలి, అవి ఇంకా రాలేదంటే వినడు. మూడో అభ్యర్థి దేశ్‌ముఖ్ గారి రెండో ప్రాధాన్య ఓట్లు పంచడం మొదలయ్యేసరికి రెడ్డిగారు ఎగబాకారు. జనసంఘం, స్వతంత్ర పార్టీల ఓట్లు కదా. నాన్న కండువా సర్దుకుని కుర్చీ రేడియో దగ్గరికి జరిపాడు. లడ్డూల పళ్లెం చిన్నగా బల్ల కిందికి పోయింది. మన హాస్టలు క్యారమ్స్ ఫైనలు గుర్తొచ్చి నవ్వు ఆపుకోలేకపోయాను. ఆ చివరి ఎర్రకాయ, నీ మొహం...

చివరికి 14,650 తేడాతో గిరిగారు. ఎవరూ అరవలేదు. నాన్న వంగి పళ్లెం పైకి తీసి, తనే ఒక లడ్డూ తుంచుకున్నాడు. “రెడ్డిగారి నామినేషన్ మీద సంతకం పెట్టింది ఇందిరాగాంధీయేగా? ఇప్పుడు అంతరాత్మ చెప్పినట్టు ఓటెయ్యాలట!” అన్నాడు. కాసేపాగి, “ఒరేయ్, ఇకనుంచి మనిద్దరిదీ ఒకే పార్టీయేనా?” అని అడిగాడు. చిన్నాన్న పలకలేదు. రేడియో కట్టేసి వెళ్లిపోయాడు.

అప్పుల మాట వస్తే నేను చిన్నాన్న వైపే. కానీ ఆ సంతకం మాటకు నా దగ్గరా జవాబు లేదు. నిన్నటినుంచి వాళ్లిద్దరూ... అదిగో, టపా కట్టేస్తున్నారట, కుర్రవాడు గుమ్మంలో నిలబడ్డాడు. గొడుగు సంగతి తర్వాత రాస్తాను.

నీ,
బుచ్చి