జాంజిబార్ నుంచి అమ్మకి

అమ్మా,

మోకాలి నొప్పి తగ్గిందా? నాన్న మాత్రలు టైముకి వేసుకుంటున్నారా? మీ అల్లుడిగారికి ఇక్కడి ఐఐటీ మద్రాస్ క్యాంపస్‌లో (2023లో మొదలైందని చెప్పానుగా, అదే) పరీక్షల హడావిడి, పొద్దున పోతే చీకటి పడ్డాకే రావడం.

ఫోన్లో సగమే చెప్పిన జాకెట్ల సంగతి ఇప్పుడు మొత్తం చెప్తా. ఇక్కడి పాత ఊరు స్టోన్ టౌన్ సందుల్లో ఇళ్ల ముందు మన అరుగుల్లాంటివే రాతి అరుగులుంటాయి, బరాజా అంటారు, అలాంటి ఒక అరుగు మీద తొక్కుడు మిషన్ పెట్టుకుని కుడతాడు మా ఫుండి. ఇక్కడ టైలరూ ఫుండీయే, బండి బాగుచేసేవాడూ ఫుండీయే, చేతిపని వచ్చినవాళ్లందరికీ అదే మాట. నా ఆది జాకెట్టు ఇస్తే తిరగేసి, కుట్లన్నీ వేలితో తడిమి చూశాడు, నువ్వు చూసినట్టే. మొదటిది చంక దగ్గర పట్టేసింది, హుక్స్ వెనక్కి పెట్టేశాడు. నాకున్న కాస్త స్వాహిలీతో, పేపర్ మీద బొమ్మ గీసి చెప్తే మొత్తం విప్పేసి మళ్లీ కుట్టాడు, అదనంగా పైసా తీసుకోలేదు. రెండోది ఎంత బాగా కుదిరిందంటే నువ్వే కుట్టావేమో అనిపించి కళ్లు చెమర్చాయి.

తర్వాత కాంగాతో గౌను కుట్టించా. కాంగా అంటే పల్చటి నూలు బట్ట, జతగా అమ్ముతారు, విడదీసి అంచులు మడిచి కుట్టించుకోవాలి, ఒకటి నడుముకి, ఒకటి తల మీదికి. చుట్టూ అంచు, మధ్యలో డిజైను, దాని కింద స్వాహిలీలో ఒక మాట అచ్చేసి ఉంటుంది. రంగు నచ్చితే చాలదట, ఆ మాట కూడా చూసి కొనుక్కుంటారు, ఎవరికైనా ఇచ్చేటప్పుడు అయితే మరీ చూస్తారు. నాది తెలీక కొన్నా, ఫుండి చదివి వినిపించాడు: హబా నా హబా హుజాజా కిబాబా. కిబాబా అంటే గింజలు కొలిచే కొలత, అంటే కొంచెం కొంచెమే కుంచం నింపుతుందని! అమ్మమ్మ కుంచంతో వడ్లు కొలవడం గుర్తొచ్చింది. ఆ మాట కత్తెరలో పోకుండా గౌను కింద వెనకవైపు వచ్చేట్టు పరిచి కత్తిరించాడు, పట్టు లంగాకి అంచు పోకుండా నువ్వు పడే తిప్పలే. ఈ కాంగాల్లో చాలా ఇండియాలో అచ్చయి వస్తాయట కూడా.

నీకూ ఒక జత తీశా, మెరూన్ది, మాట నేనే అడిగి మరీ ఎంచుకున్నా, ఏంటో ఇంటికొచ్చాక చెప్తా. ఒకటి అలాగే ఉంచి రెండోదాంతో రెండు జాకెట్లు కుట్టిస్తా, నీ చీరల మీదికి బాగుంటాయి. వచ్చే నెల వచ్చే వాళ్లతో నీ ఆది పంపు. బీరువాలో పాత పట్టుది కాదమ్మా, ఇప్పుడు నువ్వు రోజూ వేసుకునేది, చేతులు లూజు చేసుకున్నావే, అది.

నీ
చిన్ని