దర్శి పల్లెల్లో పెద్దల పళ్లకు చేయి కలిపిన వాళ్లందరికీ కృతజ్ఞతలు

దర్శి చుట్టుపక్కల పల్లెల్లో అరవై దాటినవాళ్ల పంటి వేరు పుచ్చుకు జరిగిన వైద్యం మా దంతవైద్య బృందం ఒక్కదాని పని కాదు. బడి వసారా ఇచ్చిన హెడ్మాస్టరు గారికి, మాత్రల అట్టలతో సహా పెద్దలను వెంటబెట్టుకొచ్చిన ఆశా అక్కలకు ముందుగా దండాలు.

అట్టలు ఎందుకంటే, బీపీకి వాడే, మూత్రం ఎక్కువ పోయించే మాత్రలు, జలుబుకీ దురదకీ వాడేవి, దిగులుకు వాడేవి కొన్ని నోరు ఎండగొడతాయి. ఉమ్మి తగ్గితే పళ్ల మీది ఆమ్లాన్ని కడిగే దిక్కుండదు. చిగురు జారి బయటపడ్డ వేరుకు పన్ను పైని గట్టి పొర, అంటే ఎనామిల్, కాపలా లేదు. ఆమ్లాన్ని కొలిచే అంకె పీహెచ్, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ. ఎనామిల్ కరగాలంటే పీహెచ్ 5.5 దాకా దిగాలి, వేరు 6.2, 6.7 మధ్యనే కరగడం మొదలుపెడుతుంది. దానికితోడు గొంతు ఆరిపోతోందని పిప్పరమెంటో పటికబెల్లమో రోజంతా బుగ్గన పెట్టుకుంటారు. నొప్పి పెద్దగా ఉండదు. చిగురు అంచున గోధుమరంగు గాడి పన్ను చుట్టూ పాకుతుంది, ఒకనాడు పప్పుచెక్క కొరికితే పన్ను మొదలంటా విరుగుతుంది. మాత్రలు మానేయమని మేము చెప్పం. మార్చగలిగితే రాసిన డాక్టరే మార్చాలి.

అందరికన్నా ఎక్కువ రుణపడింది రిటైరైన లెక్కల మాస్టారికి. పుచ్చు మీద మేము పూసే మందులో ఫ్లోరైడ్ ఉందనగానే సగం మంది లేచి వెళ్లబోయారు. వాళ్ల భయంలో తప్పేమీ లేదు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు దెబ్బతినే జబ్బు, ఎముకల ఫ్లోరోసిస్, మన దేశంలో ఉందని 1937లో వైద్య పత్రికకెక్కింది అప్పటి నెల్లూరు జిల్లా నుంచే, 1970లో కొత్త జిల్లా ఏర్పడేదాకా దర్శి కూడా అందులోదే. మాస్టారు బోర్డు మీద లెక్క వేశారు. మేము పూసే మందు వెండి కలిసిన 38 శాతం సిల్వర్ డయమిన్ ఫ్లోరైడ్, దాని ఒక్క చుక్కలో ఉండే ఫ్లోరైడ్ సుమారు ఒక మిల్లీగ్రాము. లీటరుకు 4 మిల్లీగ్రాములున్న బోరు నీళ్లు పావు లీటరు గ్లాసుడు తాగినా అంతే. చుక్క నాలుగైదు పళ్లకు సరిపోతుంది, పూసేది ఏడాదికి ఒకటి రెండుసార్లు. నీళ్లు రోజూ తాగేవి. ఫ్లోరైడ్ వల్ల పళ్ల మీద మచ్చలు పడేది పన్ను తయారయ్యే పసితనంలోనని కూడా ఆయనే చెప్పారు. లేచినవాళ్లు కూర్చున్నారు.

పూసే పద్ధతి చెప్పాలి, ఇంటివాళ్లు అడుగుతున్నారు కాబట్టి. పెదవులకు, చిగురుకు వాజలిన్ రాసి, పక్కన దూది చుట్టలు పెట్టి, పుచ్చును పొడిగా తుడిచి, చిన్న బ్రష్షుతో మందు ఒక నిమిషం అద్ది, మిగిలింది దూదితో తీసేయాలి. పుచ్చిన చోటు నల్లగా మారుతుంది, అది పోదు. ముందుపళ్లయితే ఈ సంగతి మొదలే చెప్పి ఒప్పుకున్నాకే పూయాలి. చర్మం మీద పడ్డ మరక కొన్నాళ్లకు పోతుంది, చొక్కా మీదిది పోదు. వెండి పడనివాళ్లకు వద్దు. రాత్రిళ్లు పోటు, చీము ఉన్న పన్నుకు ఇది పనికిరాదు, దానికి రూట్ కెనాలో, పీకడమో.

గాడి లోతుగా ఉన్నచోట గ్లాస్ అయనోమర్ సిమెంటు నింపాం. కరెంటు అక్కర్లేదు, చేతి పనిముట్లతో మెత్తబడింది గోకితే చాలు. నింపినవాటిలో ఊడినవి ఎక్కువగా చిగురు కింద రక్తం, ఉమ్మి చేరినవే. తడి మీద సిమెంటు పట్టదు. ఊడితే పారేసినట్టు వదిలేయకుండా మళ్లీ రండి.

ఇక సైకిల్ షాపు అబ్బాయి. కీళ్లనొప్పుల చేతులకు సన్నటి బ్రష్షు కాడ పట్టు దొరకదు. పాత హ్యాండిల్ గ్రిప్పు తొడిగి ఇచ్చాడు, కాడ లావైంది, పట్టు కుదిరింది. మేము తెచ్చిన ఖరీదైన బ్రష్షుల కంటే అదే నయం. మెత్తటి బ్రష్షు, బఠాణీ గింజంత ఫ్లోరైడ్ పేస్టు, రెండు పూటలా. చిగురు అంచున నిదానంగా రుద్దాలి, అడ్డంగా బరబరా కాదు. నురుగు ఉమ్మేయండి, ఆపై నీళ్లతో పుక్కిలించకండి, నురుగు మింగకండి. బొగ్గుపొడి, ఇటుకపొడి వేరును అరగదీస్తాయి. కట్టుడు పళ్లు రాత్రి తీసి, వాటి కొక్కెం పట్టిన పన్నును ప్రత్యేకంగా తోమాలి.

అన్ని రోజులూ చక్కెర లేని టీ పోసిన కొట్టాయనకు, రుచి లేకపోయినా, చాలా థాంక్స్. వడ్రంగి గారు చేసిన తల ఆనించుకునే కుర్చీ బడిలోనే ఉంది. ఆరు నెలలకు రెండో పూత, అదే వసారాలో. అట్టలు మరవొద్దు.