మంత్రిగారూ, ఇది అందం కోసం కాదు

వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగారికి నమస్కారం.

అయ్యా, అనంతపురం దగ్గర పల్లె నుంచి రాస్తున్నాను. నా కూతురి ముఖానికి ఆపరేషన్ చేయించమని సోమవారం గ్రీవెన్స్‌లో మూడుసార్లు అర్జీ ఇచ్చాను. మూడుసార్లూ పరిష్కారమైందని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కారమైందో చెప్పినవాళ్లు లేరు.

నా కూతురికి 19 ఏళ్లు. తొమ్మిదో ఏట ఎడమ చెంప మీద రూపాయి బిళ్లంత మచ్చ వచ్చింది. ఎండకు కమిలిందనుకున్నాం. రెండేళ్లకు ఆ చెంప లోపలికి పీక్కుపోయింది. పారీ రాంబర్గ్ సిండ్రోమ్ అని పేరు తెలిసేసరికి ఇంకో రెండేళ్లు. ముఖంలో ఒక పక్క కొవ్వు, కండ, చివరికి ఎముక కూడా తరిగిపోయే జబ్బు. ఎందుకొస్తుందో డాక్టర్లకే ఖచ్చితంగా తెలియదట. ఇప్పుడు ఎడమ కన్ను గుంటలోకి దిగింది. నాలుక ఆ పక్క సన్నబడింది. పెదవి పైకి లాక్కుపోయి, అన్నం తింటుంటే మెతుకులు జారిపోతాయి. మూర్ఛ రెండుసార్లు వచ్చింది.

మెథోట్రెక్సేట్ మాత్రలు వాడాక రెండేళ్లుగా జబ్బు ఆగింది. ఆగితేనే ఆపరేషన్ అన్నారు, ఆ మాట కోసమే ఇన్నేళ్లు కాచుకున్నాం. పొట్ట దగ్గర కొవ్వు తీసి చెంపలో నింపుతారట. అందులో కొంత మళ్లీ కరిగిపోతుంది కాబట్టి రెండు మూడుసార్లు చేయాలట. ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు తీసుకుని ఆసుపత్రికి వెళ్తే కాగితం మీద ‘కాస్మెటిక్’ అని రాసి వెనక్కిచ్చారు. "అందం కోసం చేసేవి పథకంలోకి రావమ్మా" అన్నారు. నా బిడ్డ పక్కనే ఉంది. ఏమీ అనలేదు, చున్నీ ఇంకాస్త ముందుకు లాక్కుంది.

అందం ఎవరడిగారయ్యా? మెతుకు నోట్లో నిలవాలని అడిగాం. కాలేజీలో తలెత్తి కూర్చోవాలని అడిగాం. పెళ్లి భోజనాలకు రావడం మానేసి నాలుగేళ్లయింది. అద్దం కూడా తీసేయమంది.

వికలాంగుల సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపులోనూ ఇదే మాట, జాబితాలో లేదని. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో యాసిడ్ దాడి బాధితులను చేర్చారు, చాలా మంచి పని చేశారు. నా బిడ్డ ముఖాన్ని ఎవరూ కాల్చలేదు, జబ్బు తినేసింది. ఆ తేడా వల్ల ఆమె బాధ తగ్గిందా? అరుదైన జబ్బుల కోసం కేంద్రం 2021లో తెచ్చిన విధానంలో కూడా మా జబ్బు పేరు వెతికించాను, కనబడలేదు.

వేరుశనగ మీద బతికేవాళ్లం. ఉన్న రెండెకరాల్లో ఒకటి మందులకే పోయింది. ఒక్కసారి నా బిడ్డను ఎదురుగా కూర్చోబెట్టుకుని చూడండి. చున్నీ తీయమని నేనే చెబుతాను. ఆ కాగితం మీద ఆ మాట కొట్టేయించండి, ఆపరేషన్‌కు తారీఖు ఇప్పించండి. ఏ ఊరికి రమ్మన్నా వస్తాం.

ఇట్లు,
ఒక తల్లి, అనంతపురం జిల్లా