ఏది తెగువ, ఏది సాహసం?

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన వారం మీ పత్రికలో ఒకే పేజీలో రెండు వార్తలు పడ్డాయి. కాలువలో మునిగిపోతున్న తమ్ముణ్ణి పదకొండేళ్ల అమ్మాయి ఒడ్డుకు లాగింది. దానికి ‘చిన్నారి సాహసం’ అని పెట్టారు. దాని కిందే, రీల్ కోసం రైలు వంతెన కమ్మీకి వేలాడి జారిపడ్డ కుర్రాడి వార్త. దానికి ‘ప్రాణం తీసిన సాహసం’ అని పెట్టారు. నాకు పేపరు చదివి వినిపించే మనవరాలు అక్కడ ఆగి, “తాతయ్యా, ఇద్దరూ చేసింది ఒకటేనా?” అంది. ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి, వెంటనే ఏం చెప్పాలో తోచలేదు.

పాత లెక్కన చూస్తే ఆ మాట రెండో వార్తకే తగుతుంది. సంస్కృతంలో ‘సహస్’ అంటే బలం. బలముంది కదా అని అడ్డూ అదుపూ లేకుండా చేసే పని సాహసం. నారదస్మృతి చెప్పే అర్థం ఇదే. మనుస్మృతి లెక్కపెట్టిన 18 వ్యవహారాల్లో, అంటే రాజు ముందుకు వచ్చే తగాదాల్లో, సాహసం ఒకటి. దౌర్జన్యమన్న మాట. జరిమానాలకూ ఆ పేరే: ప్రథమ సాహసం 250 పణాలు, మధ్యమ సాహసం 500, ఉత్తమ సాహసం 1,000. ‘ఉత్తమ సాహసం’ అంటే ఇవాళ ఎవరైనా వేదిక మీద శాలువా కప్పి ఇచ్చే బహుమతి అనుకుంటారు. అప్పట్లో వినగానే గుండె గుభేలుమనాలి!

తెలుగులో ఈ మాట చాలావరకు మంచిదైపోయింది, కాదనను. మంచిదైంది కాబట్టే చెడ్డదానికి ‘దుస్సాహసం’ అని ముందో ముక్క తగిలించాల్సి వచ్చింది. అయినా పాత వాసన పోలేదు. “అంత సాహసం నేను చెయ్యలేను బాబూ” అన్నవాడు పిరికితనం ఒప్పుకోవడం లేదు, తనకు బుద్ధి ఉందని చెప్పుకుంటున్నాడు. పరీక్ష తప్పిన పిల్లవాడికి “ధైర్యంగా ఉండు” అంటాం గానీ “సాహసంగా ఉండు” అనం కదా.

ఆ అమ్మాయికి తగిన మాట మన ఇంట్లోనే ఉంది: తెగువ. ‘తెగు’ నుంచి వచ్చింది. తాడు తెగుతుంది. బేరం తెగుతుంది. తెగని పంచాయితీ ఏళ్లకేళ్లు నానుతుంది. లోపలి ఊగిసలాట తెగితే తెగువ. మీ విలేకరి రాసిన వివరం చూడండి: ఆ పిల్లకు ఈత రాదు, అందుకని నీళ్లలోకి దూకలేదు. గట్టున బోర్లా పడుకుని చున్నీ విసిరింది. ఆ క్షణాన ఆమెకు భయం పోయి ఉండదు, తటపటాయింపు తెగింది, అంతే.

జాతీయ స్థాయిలో సాహస బాలల పురస్కారాలు పుట్టడం వెనకా ఇలాంటి ఘటనే ఉంది. 1957 అక్టోబరు 2న ఢిల్లీ రామ్‌లీలా మైదానంలో, నెహ్రూ కూడా ఉన్న కార్యక్రమంలో షామియానాకు నిప్పంటుకుంది. 14 ఏళ్ల స్కౌటు కుర్రాడు తన కత్తితో గుడ్డ కోసి జనానికి దారి చేశాడు. తెగువ అన్న మాటకు ఇంతకన్నా అక్షరార్థం ఎక్కడ దొరుకుతుంది? మనం మాత్రం ‘సాహస బాలలు’ అని స్థిరం చేసుకున్నాం. పోనీండి, అలవాటైపోయింది.

తెగువ పక్కన చెడ్డ చుట్టాలు లేరని కాదు. ‘తెగించినవాడికి తెడ్డే లింగం’ అన్న సామెత మెచ్చుకోలేమీ కాదు. ‘దాడికి తెగబడ్డారు’ అని మీరే రోజూ రాస్తారు. కానీ జనం ఎంత జాగ్రత్తగా పంచుకున్నారో చూడండి: పొగడ్తకు తెగువ, తిట్టుకు తెగబడటం, అటూ ఇటూ పనికొచ్చేలా తెగింపు.

పోయిన కుర్రాణ్ణి నిందించాలని ఈ ఉత్తరం కాదు. అతని ఈడు పిల్లల చెవికి ‘ప్రాణం తీసిన సాహసం’ అన్నది హెచ్చరికలా వినపడదు, కీర్తిలా వినపడుతుంది. అక్కడ ‘రీల్ మోజులో మృతి’ అంటే చాలదా? కాలువ దగ్గరి పిల్లకు తెగువ ఇవ్వండి. శీర్షికలో చోటు చాలదనడానికీ లేదు. సాహసం మూడక్షరాలే, తెగువా మూడక్షరాలే.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు