విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

లైంగిక సంబంధాలకు పెళ్లయ్యే వరకు ఆగమని పిల్లలకు చెప్పడం తప్పు కాదు. తల్లిగా నేనూ అదే చెబుతాను. బడిలో లైంగిక విద్య పాఠాన్ని అక్కడితో ఆపేస్తామంటేనే నా అభ్యంతరం.

అమెరికాలో అలా ఆగమని మాత్రమే చెప్పే నాలుగు కార్యక్రమాలను ప్రభుత్వమే పరిశీలన చేయించింది. 2007లో నివేదిక వచ్చింది. ఆ పాఠాలు విన్నవాళ్లలోనూ, విననివాళ్లలోనూ ఆగినవాళ్లు దాదాపు సగమే. మొదటి కలయిక సగటు వయసు కూడా ఒకటే. అంత డబ్బు పోసి సాధించిందేమిటో!

గర్భం ఎలా వస్తుంది, కండోమ్ దేనికి, హెచ్‌ఐవీ ఎలా సోకుతుంది, ఇష్టం లేనప్పుడు ఎలా కాదనాలి? ఇవి టీచర్ చెప్పకపోతే ఫోన్ చెబుతుంది, అదీ వంకరగా. పెళ్లిదాకా ఆగినవాళ్లకైనా ఇవి తెలియాలి కదా?

సిలబస్‌లోంచి ఈ భాగం తీసేయకండి. ముందు టీచర్లకు శిక్షణ ఇప్పించండి. వాళ్లే సిగ్గుపడి పేజీలు తిప్పేస్తే లాభం లేదు.

ఇట్లు,
ఒక తల్లి